క్రూప్కా గారి కుడి చెయ్యి

వెండెల్ క్రూప్కా గొంతు సవరించుకున్నాడంటే చాలు, రొనెట్ లేచి ఇంకో విడత కాఫీ పెట్టేస్తుంది. ఆ డోనట్ కొట్టులో అదో అలవాటైపోయింది. నెబ్రాస్కాలో, ప్లాట్ నది ఒడ్డున ఉన్న బ్రెనర్‌విల్ అనే ఆ చిన్న ఊళ్ళో పొద్దున్నే నలుగురూ చేరి కబుర్లాడుకోవడానికి రొనెట్ కొట్టు తప్ప ఇంకో చోటు లేదు. కిటికీ పక్కనున్న పొడుగు బల్ల వెండెల్ ఆస్తి కింద లెక్క. ఎదురుగా ఎమరీ టోలెఫ్సన్, చెరో పక్కా మంగలి డ్వేన్, విత్తనాల కొట్టు హానికట్ కూర్చుంటారు.

వెండెల్ ఒకప్పుడు బేస్‌బాల్ పిచర్. బంతి విసరడమే అతని బతుకుతెరువు. పెద్ద జట్లలో ఎప్పుడూ ఆడలేదు. చిన్న ఊళ్ళ చిన్న జట్లలో, ఈ వేసవి ఇక్కడ, పై వేసవి ఇంకెక్కడో అన్నట్టు, చెవుల పక్క జుట్టు నెరిసేదాకా మూటా ముల్లె సర్దుకుని బస్సులెక్కుతూనే ఉన్నాడు. మొదట్లో కొన్నేళ్ళు ఎమరీ అతనికి క్యాచర్. అంటే బ్యాటర్ వెనకాల గొంతుక్కూర్చుని, వెండెల్ వేసిన బంతుల్ని పట్టుకున్నవాడు. తర్వాత మోకాళ్ళు పోయి, ధాన్యం గోదాములో పనికి కుదిరి, అక్కడే ముసలివాడయ్యాడు. ఇప్పుడు ఎమరీకి ఉన్న పని ఒక్కటే. వెండెల్ మధ్యమధ్యలో "అవునా, కాదా, ఎమరీ?" అని అడుగుతాడు. ఎమరీ తల ఊపాలి. ఊపుతూనే వచ్చాడు.

ఆ గురువారం పొద్దున సన్నగా వాన పడుతోంది. బడిలో ఆడపిల్లల జట్టుకి కోచ్‌గా ఉన్న మరిసోల్ ట్రెవీనో తడిసిన టోపీ విదిలించుకుంటూ లోపలికొచ్చింది. రెండేళ్ళ కింద నది పొంగి ఊరి ఆటస్థలాన్ని ఊడ్చుకుపోతే, ఆవిడే అందరి వెంటా పడి మట్టి తోలించి, గడ్డి వేయించి, మళ్ళీ నిలబెట్టింది. శనివారం దాని ప్రారంభం. మొదటి బంతి వేసే మర్యాద వెండెల్‌ది. చలికాలంలోనే ఒప్పుకున్నాడు. కుర్రతనంలో తీసిన ఫొటోతో పోస్టరు కూడా రొనెట్ తలుపు మీద వేలాడుతోంది.

"పదింటికి మొదలు, క్రూప్కా గారూ," అంది మరిసోల్. "మీరు కాస్త ముందే వస్తే పిల్లలకి పరిచయం చేస్తాను."

"ముందు కూర్చోండి, కోచమ్మా," అన్నాడు వెండెల్. "కాఫీ తాగండి. మీకో సంగతి చెప్పాలి."

ఎమరీకి ఆ గొంతు తెలుసు. ఎంత తెలుసంటే, మరిసోల్ కుర్చీ లాక్కునేలోపే విషయం అర్థమైపోయింది. వీడు శనివారం ఎగ్గొట్టబోతున్నాడు.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు," అని మొదలుపెట్టాడు వెండెల్. హానికట్‌కి దగ్గొచ్చింది. అది తగ్గేదాకా వెండెల్ ఓపిగ్గా ఆగాడు. "కాన్సాస్‌లో పిండిమిల్లు వాళ్ళ జట్టు నాకు మొదటిది. మొదటి ఆటలోనే వరసగా ముగ్గుర్ని, బంతి బ్యాటుకి తగలనివ్వకుండా ఇంటికి పంపించాను. అదేం పెద్ద విశేషం కాదు. కాస్త చెయ్యి తిరిగిన ఎవరైనా చేస్తారు."

"చేస్తారు," అన్నాడు డ్వేన్.

"నేనూ అదేగా అంటున్నాను. కాకపోతే ఆ మూడోవాడు ఉన్నాడు చూశారూ, బంతి వెళ్ళి ఎమరీ గ్లవ్‌లో పడి, ఎమరీ దాన్ని తీసి తుడిచి నాకు తిరిగి విసిరాక కూడా వాడు బ్యాటు ఎత్తుకుని అలాగే నిలబడున్నాడు. నిలబడి అంపైర్ని అడుగుతున్నాడు, 'ఇంకా ఎంతసేపండీ, వేస్తాడా వెయ్యడా' అని. అవునా, కాదా, ఎమరీ?"

ఎమరీ తల ఊపాడు. ఆ మూడోవాడు నిలబడున్న మాట నిజమే. కంట్లో దుమ్ము పడిందని, ఆట కాసేపు ఆపమని అంపైర్ని బతిమాలుకుంటున్నాడు. ఆ ముక్క ఎమరీ ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేగం మీద నాకే విసుగొచ్చింది. కంటికి కనపడని బంతి వేస్తే జనానికి ఏం సరదా చెప్పండి, టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళు. అందుకని అయోవా వెళ్ళాక నిదానం బంతి నేర్చుకున్నాను. నిదానం అంటే మామూలు నిదానం కాదు కోచమ్మా, ఒకసారి నా చేతిలోంచి బయల్దేరిన బంతి మీద దారిలో పిచ్చుక వచ్చి వాలింది. వాలి, రెక్కలు సర్దుకుని, అటూ ఇటూ చూసి, హాయిగా కూర్చుంది. బ్యాటరేమో పాస్టరు గారి కొడుకు, మెత్తని మనసు. పిట్టని కొట్టలేక బ్యాటు దించేశాడు."

"అంపైర్ ఏమన్నాడు?" అంది మరిసోల్. ఆవిడ కాఫీలో పాలు పోసుకుంటూ శ్రద్ధగానే వింటోంది.

"మంచి ప్రశ్న అడిగారు. అంపైర్ వంగి, కళ్ళజోడు పెట్టుకుని చూసి చెప్పాడు, 'బంతి మాత్రం సరైన చోటికే వచ్చింది, స్ట్రైకే. పిచ్చుక కొంచెం బయటికుంది' అని."

"పిచ్చుక ఏమైంది?" అన్నాడు హానికట్.

"దానికేం, ఎమరీ గ్లవ్‌లో గూడు పెట్టుకుంది. ఆ వేసవంతా ఈ మహానుభావుడు బంతుల్ని పక్కకి, వేళ్ళ కొసన పట్టాడు, గుడ్లు పగులుతాయని. అవునా, కాదా?"

ఎమరీ తల ఊపాడు. ఊపుతూనే వెండెల్ కుడి చేతిని చూశాడు. అది బల్ల కింద, ఒళ్ళో పడుంది. కప్పు ఎత్తేది ఎడమ చెయ్యి. డోనట్ తుంచేది ఎడమ చెయ్యి. క్రిస్మస్‌కి చర్చిలో వెండెల్ టోపీని అర మీద పెట్టబోయి, చెయ్యి సగానికొచ్చి ఆగిపోతే, ఎవరూ చూడలేదుగదా అని అటూ ఇటూ చూసి, టోపీని నెమ్మదిగా బెంచీ మీద పెట్టేశాడు. ఎమరీ చూశాడు. చూడనట్టు పాటల పుస్తకం తిరగేశాడు.

"ఆ వేసవి అయ్యాక నన్ను డకోటా జట్టు కొనుక్కుంది," అని సాగిపోతున్నాడు వెండెల్. "ఊరికే కాదు, నా బదులు ఒక బస్సు ఇచ్చారు. కొత్త బస్సు."

"పోయినసారి రెండు బస్సులన్నావు," అన్నాడు డ్వేన్.

"రెండోది తర్వాత పంపారు. అక్కడ ఆటస్థలం పక్కనే రైలు కట్ట. నా వంపు బంతి గురించి అప్పటికే జనం చెప్పుకునేవాళ్ళు. అది బ్యాటర్ దగ్గరికి సూటిగా వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు, ముందు ఊరు చూసొచ్చేది. ఆ రోజు వేసేసరికి గూడ్సు బండి వస్తోంది. బంతి వంపు తిరిగి, రెండు పెట్టెల మధ్య సందులోంచి ఆ పక్కకి దూరి, మొక్కజొన్న చేల మీదుగా తిరిగి, ఇంకో సందులోంచి ఈ పక్కకొచ్చి బ్యాటర్ ముందు నేల మీదుండే ప్లేటు పైనుంచి వెళ్ళింది. కానీ అది బొగ్గు బండి. తెల్లగా వెళ్ళిన బంతి నల్లగా తిరిగొచ్చింది. బ్యాటర్ గోల పెట్టాడు, ఇది నాకు వేసిన బంతి కాదు, ఆ బంతి రైలెక్కి పోయింది, ఇదెవరిదో అని. ఆట అరగంట ఆగిపోయింది. చివరికి బంతి కడిగి చూపించాల్సొచ్చింది."

రొనెట్ కౌంటరు వెనక నుంచి నవ్వింది. హానికట్ కూడా నవ్వాడు. వెండెల్ నవ్వలేదు. మామూలుగా ఇక్కడికొచ్చేసరికి అతని కళ్ళు మెరుస్తుంటాయి. ఇవాళ మాటిమాటికీ తలుపు మీదున్న పోస్టరు వైపు పోతున్నాయి. అందులో కుర్రాడు కుడి చెయ్యి తలమీదికెత్తి, ఆకాశంలోంచి ఏదో కోసుకురాబోతున్నట్టు నిలబడున్నాడు.

"ఇక అసలు సంగతికొస్తాను," అన్నాడు వెండెల్, గొంతు తగ్గించి. "కెనడాలోని సస్కాచువాన్‌లో నా ఆఖరి ఆట. అప్పటికి చెయ్యి ఎంత ముదిరిందంటే, నేనే దానికి భయపడేవాణ్ణి. ఆ రోజు ఏం ఆలోచిస్తున్నానో, ఉన్న బలమంతా పెట్టి వేసేశాను. బంతి బ్యాటర్‌ని దాటింది, ఎమరీ తర్వాత వచ్చిన క్యాచర్‌ని దాటింది, చెక్క గోడని దాటింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంతవరకూ కింద పడలేదు. ప్రతి మార్చి నెలా కొంగలు దిగుతాయి చూశారూ మన నది మీద, వాటి వెనకాలే వస్తుంది, కొంచెం ఎత్తుగా. మీరు చూసి పిట్ట అనుకుంటారు. నేను బంతి కుట్లు చూసి గుర్తుపడతాను."

"ఈ ఏడూ వచ్చిందా?" అన్నాడు డ్వేన్.

"కొంచెం ఆలస్యంగా. ఆ బంతి వేసిన రోజే గుర్రాల మీద కెనడా పోలీసులు నా దగ్గరికొచ్చారు. మర్యాదస్తులు. టోపీలు తీసి మరీ అడిగారు, 'అయ్యా, జనం కూడిన చోట ఈ చెయ్యి భుజం దాటి ఎత్తనని మాటివ్వండి' అని. ఇచ్చాను." వెండెల్ కాఫీ కప్పుని బల్ల మీద అటు నుంచి ఇటు జరిపాడు. "శనివారం బెంచీల మీద పసిపిల్లలుంటారు, కోచమ్మా. ఇంకెవరిచేతనైనా వేయించండి. నేను అటు మాటిచ్చి కూర్చున్నాను. మాట ఇచ్చాక తప్పకూడదు కదా. అవునా, కాదా, ఎమరీ?"

ఎమరీ తల ఊపలేదు.

ఊపితే అక్కడితో అయిపోయేది. మరిసోల్ సరేనని వెళ్ళిపోయేది. శనివారం వెండెల్ తన ఇంటి ముందు కుర్చీలో కూర్చుని, మూడు వీధుల అవతల మోగే బ్యాండు వింటూ, భార్య మర్లీస్‌తో ఆ చప్పుడు చెవులకి పడదని అంటూ ఉండేవాడు. ఎమరీ ఎదుటి మనిషి మొహంలోకి చూశాడు. ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. ఊపరా, ఈ ఒక్కసారికి ఊపు అంటున్నాయి.

"కాదు," అన్నాడు.

రొనెట్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఏంట్రా?" అన్నాడు వెండెల్.

"కాదంటున్నాను. కోచ్ గారూ, వీడి బంతి ఎప్పుడూ వేగంగా లేదండీ. గ్లవ్ మర్చిపోయిన రోజున ఉత్త చేత్తో పట్టాను, ఎర్రబడనైనా లేదు. వంపూ అంతంతమాత్రమే. వీడి పనేమిటో నేను చెప్తాను. ఎనిమిది పరుగులు వెనకబడ్డాక, ఇక ఆట పోయిందని తేలిపోయాక, మంచి పిచర్ల చేతులు రేపటికి దాచుకోవాలి కదా, అప్పుడు మేనేజరు బెంచీ చివరికి చూసి 'క్రూప్కా' అనేవాడు. వీడు లేచేవాడు. జనం కూడా అప్పుడే లేచేవాళ్ళు, ఇళ్ళకి పోవడానికి. వీడు బంతి వేసే దిబ్బ ఎక్కేసరికి మిగిలేవి ఖాళీ బెంచీలు, వాటిని తుడిచేవాళ్ళు. ఆ ఖాళీ బెంచీల ముందు చివరిదాకా వేసేవాడు. ఎన్ని ఊళ్ళలో అలా వేశాడో, ఎవరికి కావలసినా పిలిచేది వీణ్ణే. చెయ్యి నొప్పి అని ఒక్కనాడు అనగా వినలేదు. అందుకే ఇవాళ అది భుజం దాకా కూడా లేవదు. పోలీసులూ లేరు, గుర్రాలూ లేవు. పొద్దున్నే కోటు తొడిగేది మర్లీస్."

డ్వేన్ తన డోనట్‌కేసి చూస్తూ కూర్చున్నాడు. వెండెల్ మొహం ముందు ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. లేచి వెళ్ళిపోతాడేమో అనుకున్నాడు ఎమరీ. ఇన్నేళ్ళ స్నేహం ఒక్క మాటతో పోగొట్టుకున్నాననుకున్నాడు.

"ఎనిమిది కాదు," అన్నాడు వెండెల్ చివరికి. "పన్నెండు. ఎనిమిది పరుగులకి నన్ను లేపేవాళ్ళు కాదు."

మరిసోల్ కప్పు కింద పెట్టింది. "నాకు తెలుసండీ," అంది. "చలికాలంలో ఒప్పుకున్న రోజు చెయ్యి కలపబోతే మీరు నాకు ఎడమ చెయ్యి ఇచ్చారు. మా నాన్నకీ భుజం పోయింది, పళ్ళ తోటల్లో నిచ్చెనలెక్కి. చూడగానే తెలిసిపోతుంది."

"తెలిసీ అడిగారా?"

"మా పిల్లలు భుజం మీంచి వెయ్యరు, క్రూప్కా గారూ. వాళ్ళది సాఫ్ట్‌బాల్. చెయ్యి వెనక్కి ఊపి, నడుం పక్కనుంచి వదులుతారు. అంతవరకూ కదిలితే చాలు."

"అది ఆడపిల్లలు వేసే పద్ధతి," అన్నాడు వెండెల్ గొణుగుతున్నట్టు.

"అవును. మా జట్టంతా ఆడపిల్లలే. మా పిచర్ ఓపల్ వేసే బంతిని డ్వేన్ గారు ఒక్కటి కొడితే, నేనీ కొట్టులో వేసవంతా గిన్నెలు తోముతాను."

"మధ్యలో నన్నెందుకండీ లాగుతారు," అన్నాడు డ్వేన్.

వెండెల్ కిటికీలోంచి వాన చూశాడు. కాసేపటికి బల్ల కింది నుంచి కుడి చేతిని తీసి, పక్కకి వేలాడేసి, అటూ ఇటూ ఊపి చూసుకున్నాడు. ఎవరివైపూ చూడకుండా, "పట్టేదెవరు?" అన్నాడు.

"నేను పడతాను," అన్నాడు ఎమరీ.

"నీ మోకాళ్ళు వంగవు కదరా."

"నిలబడి పడతాను."

శుక్రవారం సాయంత్రం ఇద్దరూ హానికట్ కొట్టు వెనక, విత్తనాల బస్తాల రేకుల షెడ్డులో కలుసుకున్నారు. మరిసోల్ ఇచ్చిన బంతి పెద్దదిగా, పసుపు పచ్చగా ఉంది. మొదటిది వెండెల్ పాదం మీదే పడింది. రెండోది బస్తాల్లోకి పోయింది. ఎమరీ వంగలేక చీపురుకర్రతో దాన్ని బయటికి లాగాడు. కోపం తగ్గిందో లేదో అడగాలనుంది అతనికి. అడగలేదు. ఎప్పటికో ఒక బంతి గాల్లో మెల్లగా లేచి, వచ్చి గ్లవ్‌లో పడింది. చిన్న చప్పుడైంది. ఇద్దరూ ఆ చప్పుడు విన్నారు.

"అదీ," అన్నాడు వెండెల్. "రొనెట్ కొట్టులో నువ్వన్నది మాత్రం అబద్ధం. నా బంతికి ఒకసారి నీ చెయ్యి ఎర్రబడింది. టొపీకాలో."

"అది తేనెటీగ కుట్టిందిరా."

వెండెల్ నవ్వాడు. ఎమరీకి ప్రాణం లేచొచ్చింది.

శనివారానికి ఎండ కాసింది. ఊరంతా వచ్చింది. మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న పొగ, బ్యాండు, కొత్త మట్టి వాసన. వెండెల్ దిబ్బ మీదికి నడుస్తుంటే ఎమరీ ప్లేటు వెనక నిలబడి చూశాడు. మనిషి సన్నబడిపోయాడు, టోపీ పెద్దదైంది. కానీ ఆ నడక మాత్రం అదే. ఖాళీ బెంచీల ముందుకి తొందరేం లేకుండా నడిచొచ్చిన నడక. అతను కాలు ఆనించి తలెత్తగానే, బెంచీల మీది జనం బిలబిలా లేచారు. వెండెల్ ఒక్క క్షణం తడబడ్డాడు. జనం లేచినా గేటు వైపు పోలేదు. ఉన్నచోటే నిలబడి చప్పట్లు కొడుతున్నారు. అతను టోపీ కిందికి లాక్కుని, చాలాసేపు బంతికేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చెయ్యి వెనక్కి ఊపి వదిలాడు.

అంపైర్ ఆకాశం పగిలేట్టు స్ట్రైక్ అని అరిచాడు. మర్లీస్ రుమాలుతో ముక్కు తుడుచుకుంది. ఎమరీ బంతి ఉన్న గ్లవ్‌ని పైకెత్తి చూపించాడు.

ఇక ఆట మొదలయ్యేలోపు నిమ్మరసం పోస్తున్న బల్ల దగ్గర ఆడపిల్లల జట్టు వెండెల్ చుట్టూ మూగింది. ఎమరీ కుర్చీలో చేరగిలబడి వింటున్నాడు.

"ఈ కిందనుంచి వేసే పద్ధతి ఉందే, అమ్మాయిలూ," అంటున్నాడు వెండెల్, "ఇది మానిటోబాలో నేనే కనిపెట్టాను, చలికి చెయ్యి పైకి రాక. ఇవాళ్టిది మీరు సరిగ్గా గమనించారో లేదో. నా చేతిలోంచి వెళ్ళి, రెండుసార్లు నేల తాకింది. అది కావాలనే. తర్వాత ప్లేటుకి నాలుగడుగుల ముందు ఆగింది. ఆగి, ఎడమా కుడా అని ఆలోచించుకుంది. మీలో ఎవరైనా బంతి చేత ఆలోచింపజేయగలరా? ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

పొడుగ్గా, జడ టోపీ వెనకనుంచి లాగి కట్టుకున్న పిల్ల, ఓపల్, గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంది.

"తెలుసు సార్," అంది. "ఎమరీ గారు వంగలేకపోతే నేనే వెళ్ళి తీసిచ్చాను."